ఇంట గెలిచి రచ్చ గెలిచే ఆట: ‘కల్ట్ ఆఫ్ ద ల్యాంబ్’ మొదటి రోజు నుంచి మొదటి బిషప్ దాకా

నేను మొదటిసారి ఆడినప్పుడు దండయాత్రలు బాగానే సాగాయి. కత్తి చేతికి అలవాటైంది, గుండెలు (తెర మీద ప్రాణాన్ని చూపించే గుర్తులు) పెద్దగా పోకుండానే గదులు దాటేస్తున్నాను. మూడోసారి ఇంటికి తిరిగొచ్చేసరికి మాత్రం ఎదురొచ్చి పలకరించినవాళ్ళు ఒక్కరూ లేరు. గుడి ముందు ఒక శవం పడి ఉంది. దాని పక్కనే ఇద్దరు వాంతులు చేసుకుంటున్నారు. పొయ్యి చల్లగా ఉంది. ఎడమ పక్క నమ్మకం మీటర్ ఎర్రగా మారి అడుగంటింది. ఒకడు మిగతావాళ్ళ మధ్య నిలబడి నా మీద తిరగబడమని అరుస్తున్నాడు. సంపాదించుకొచ్చిన బంగారం, కట్టెలు చేతిలో ఉన్నాయి కానీ వాటితో కట్టించడానికి మనుషులు మిగల్లేదు.

ఆ సేవ్ అక్కడితో వదిలేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈ మార్గదర్శి ఆ రెండో ప్రయత్నంలో నేర్చుకున్నది. యుద్ధం చేసే సగాన్ని చాలామంది సొంతంగానే నేర్చుకుంటారు. ఇల్లు నడిపే సగం దగ్గరే ఆట చేజారిపోతుంది.

ముందు, ఇది ఎలాంటి ఆట?

కల్ట్ ఆఫ్ ద ల్యాంబ్‌ను మాసివ్ మాన్‌స్టర్ అనే చిన్న ఆస్ట్రేలియా స్టూడియో తయారుచేసింది. డెవాల్వర్ డిజిటల్ 2022 ఆగస్టు 11న పీసీ, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్‌ల మీద విడుదల చేసింది. మీరు ఒక గొర్రెపిల్ల. మొదటి సీన్‌లోనే మిమ్మల్ని బలికి నడిపిస్తారు. జాతరలో మెడకి దండ వేసిన పొట్టేలును దగ్గరగా చూసినవాళ్ళకి ఆ నడక వెంటనే మనసుకి తగులుతుంది. బలి అయ్యాక ‘ద వన్ హూ వెయిట్స్’ అనే సంకెళ్ళలోని దేవత మీకు ప్రాణం తిరిగిచ్చి, ఒక ఎర్ర కిరీటం పెడతాడు. బదులుగా ఆయన పేరుమీద మీరు ఒక మతాన్ని కట్టాలి. ఆయన్ని బంధించిన నలుగురు బిషప్పులను చంపాలి.

రోగ్‌లైక్ అనే మాట 1980లో వచ్చిన ‘రోగ్’ అనే ఆట నుంచి పుట్టింది. ప్రతిసారీ దారి కొత్తగా ఏర్పడుతుంది, చనిపోతే మళ్ళీ మొదటికి రావాలి. ఈ ఆటలో సగం అదే. మిగతా సగం ఊరు కట్టడం: శిష్యులకు తిండి, పడక, శుభ్రత, నమ్మకం చూసుకోవడం. బొమ్మలు ముద్దుగా ఉంటాయి కానీ లోపల రక్తం, బలి, శవాలు, మనుషుల మాంసం తినే ఘట్టాలూ ఉన్నాయి. చిన్నపిల్లల చేతికి ఇచ్చే ఆట కాదు.

ఆట తెర మీద మాటలు మీకు ఇంగ్లీషులో కనిపిస్తాయి కాబట్టి ముఖ్యమైన పేర్లను అలాగే వాడుతున్నాను. ఫాలోవర్లను మాత్రం శిష్యులు అంటాను, క్రూసేడ్‌ను దండయాత్ర అంటాను.

కష్టం ఎంత ఉండాలో మొదట్లో అడుగుతుంది. మీడియం పెట్టుకోండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు, టెన్షన్ అక్కర్లేదు. కంట్రోలర్ ఉంటే దానితోనే ఆడండి. దొర్లి తప్పుకోవడం బొటనవేలితో చేసినంత సులువుగా కీబోర్డ్ మీద రాదు.

మొదటి అడుగు: మొదటి రెండు రోజులు ఇల్లు వదలకండి

రటావు అనే ముసలి ఎలుక మిమ్మల్ని ఖాళీ స్థలానికి తీసుకొచ్చి, కట్టడం ఎలాగో చూపిస్తాడు. మొదటి శిష్యుడిని చేర్చుకునేటప్పుడు ఆకారం, రంగు, పేరు మీరే ఎంచుకోవచ్చు. పేరు పెట్టడాన్ని దాటేయకండి. తర్వాత తెర పక్కన ‘ఫలానా వాడికి ఆకలిగా ఉంది’ అని సందేశం వస్తుంది. ఎవరో గుర్తుంటేనే మీరు పరిగెడతారు. నేను మా వీధి కుక్కల పేర్లన్నీ వాడేశాను.

చుట్టూ ఉన్న చెట్లు కొట్టండి, రాళ్ళు పగలగొట్టండి, గడ్డి కోయండి. శిష్యులు ఇద్దరు ముగ్గురు అయ్యాక కొట్టే పని వాళ్ళకి అప్పగించవచ్చు. కానీ మొదట్లో ఒక్కరినైనా ష్రైన్ దగ్గర ప్రార్థనకి వదలండి. ప్రార్థన వల్ల డివోషన్ కూడుతుంది. అది నిండినప్పుడల్లా డివైన్ ఇన్‌స్పిరేషన్ అనే చెట్టులా కొమ్మలు వేసిన పట్టికలో ఒక కొత్త కట్టడం తెరుచుకుంటుంది. ప్రార్థన ఆగితే ఊరు పెరగడం ఆగుతుంది.

ఆ చెట్టులో కొత్తవాళ్ళు చేసే పొరపాటు అలంకరణలు ముందు తెరవడం. పూలకుండీలు అందంగానే ఉంటాయి, అవి తర్వాత. నా వరస ఇది: ముందు పడకలు, ఆ వెంటనే పొలం మళ్ళు, తర్వాత మరుగుదొడ్డి, తర్వాత శవాలను పెట్టే చోటు, ఆ తర్వాత రోగుల కోసం హీలింగ్ బే. కట్టెల లంబర్‌యార్డ్, రాతి గని వీటి వెనకే రావాలి. జైలు ఒకటి చాలు, కానీ ఆ ఒకటి ఉండాలి. కారణం కింద చెబుతాను.

ఎక్కడ కట్టాలి అనేది మొదటి రోజు పట్టించుకోకపోతే తర్వాత చాలా నడవాల్సి వస్తుంది. పొయ్యి, పొలం, నిల్వ పెట్టె దగ్గర దగ్గరగా ఉంచండి. పడకలు ఒక మూల, శవాల గొయ్యి, మరుగుదొడ్డి ఇంకో మూల. తప్పుగా పెట్టినా తర్వాత జరుపుకోవచ్చు.

రెండో అడుగు: తిండి

ఆటలో మూడు మీటర్లు ఉంటాయి: నమ్మకం, ఆకలి, రోగం. మూడూ ఒకదానినొకటి లాగుతాయి. ఆకలితో మొదలైనది రోగంగా మారుతుంది, రోగం చావుగా, చావు నమ్మకం మీద దెబ్బగా మారుతుంది. అందుకే తిండి దగ్గర మొదలుపెట్టాలి.

మొదట్లో చేతిలో ఉండేది గడ్డి, బెర్రీలు. గడ్డి ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది కాబట్టి గడ్డి జావ వండెయ్యాలనిపిస్తుంది. వండకండి. అది తిన్నవాళ్ళు రోగం తెచ్చుకోవచ్చు, పైగా గడ్డి పెట్టారని మీ మీద నమ్మకం కూడా తగ్గుతుంది. బెర్రీల గిన్నె సాదాది అయినా ఆ బాధలు లేవు. డార్క్‌వుడ్ అడవిలో ఎదురైన ప్రతి బెర్రీ పొదనూ కోసుకోండి. గింజలు దొరికితే ఇంటికి రాగానే నాటండి.

మడిలో గింజ వెయ్యాలి, నీళ్ళు పొయ్యాలి, ఎరువు వెయ్యాలి. ఎరువు అంటే శిష్యుల మలమే. మొదట అది రోత పుట్టిస్తుంది కానీ ఆట ఆలోచన చాలా చక్కగా ఉంది: ఊళ్ళో రోగం తెచ్చే చెత్తే పొలంలో పంట పెంచుతుంది. మరుగుదొడ్డి కట్టగానే ఎరువంతా ఒకేచోట పోగవుతుంది, ఊడ్చే పనీ తగ్గుతుంది. శిష్యులు ఏడెనిమిది మంది అయ్యాక ఫార్మ్ స్టేషన్ కట్టి ఒకరిద్దరిని రైతులుగా పెట్టండి. దాని పరిధిలోపల ఉన్న మళ్ళకే వాళ్ళు నీళ్ళు పెడతారు. కాబట్టి స్టేషన్ నడుమన, మళ్ళు చుట్టూ రావాలి. పక్షులు గింజలు తినకుండా దిష్టిబొమ్మ ఒకటి పాతండి.

పొయ్యి దగ్గర మీరే వండాలి. తెర మీద ఒక ముల్లు అటూ ఇటూ తిరుగుతుంది. సరైన చోట ఉన్నప్పుడు నొక్కితే వంట కుదురుతుంది. తొందరపడి నొక్కితే మాడుతుంది. ఎంత వండాలి? నేను దండయాత్రకి బయలుదేరేముందు తలకొక గిన్నె, పైన రెండు వండి పెడతాను. అంతకంటే ఎక్కువ వండితే నేలమీదే పాడైపోతుంది. పాడైన తిండి తిని మళ్ళీ రోగం. పచ్చి సరుకు పెట్టెలో ఉంచుకోండి, వండిన తిండిని నిల్వ చేయకండి.

మూడో అడుగు: శుభ్రం

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా మొదటి ఊరిని చంపింది ఇదే.

శిష్యుల మలం, వాంతులు, శవాలు నేలమీద ఉన్నంతసేపు రోగం మీటర్ ఎక్కుతూనే ఉంటుంది. రోగి వాంతి చేసుకుంటాడు, ఆ వాంతి దగ్గర తిరిగినవాడు రోగి అవుతాడు. ఇంటికి రాగానే మొదటి నిమిషం శుభ్రానికే ఇవ్వండి. ఒక చుట్టు తిరిగి అన్నీ ఎత్తేయండి. రోగం వచ్చినవాడితో మాట్లాడి పడుకోమని చెప్పండి. హీలింగ్ బే ఉంటే కమీలియా పూలతో నయం చేయండి. ఆ పూలు డార్క్‌వుడ్‌లోనే దొరుకుతాయి. ఎర్ర పువ్వు కనిపిస్తే దాటిపోకండి.

శవాన్ని వెంటనే పూడ్చండి. గొయ్యి చవక, సమాధి కొంచెం ఖర్చు. సమాధి దగ్గరికి శిష్యులు వచ్చి దుఃఖించడం చూస్తే ఖర్చు పెట్టాలనిపిస్తుంది. ముసలితనంతో చావు ప్రతి శిష్యుడికీ వస్తుంది. కాబట్టి చావును మీ తప్పుగా అనుకోకుండా చోటు ముందే సిద్ధం చేసి పెట్టుకోండి.

నాలుగో అడుగు: నమ్మకం, గుడి

నమ్మకం పెరిగే దారుల్లో రోజూ చేయాల్సినది సెర్మన్. గుడిలోకి వెళ్ళి ప్రసంగం చేయండి. రోజుకి ఒకసారే దొరుకుతుంది, అందుకే పొద్దున్నే చేయండి. సెర్మన్ వల్ల నమ్మకం ఒక్కటే పెరగదు. ఎర్ర కిరీటం శక్తి పెరుగుతుంది: కొత్త ఆయుధాలు, బలమైన కర్స్‌లు (మంత్రం దాడులు), ఎక్కువ గుండెలు అక్కడినుంచే వస్తాయి. శిష్యులు ఎంతమంది ఉంటే ప్రతి సెర్మన్‌కి అంత ఫలం. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్ళు అన్నది ఈ ఆటలో అక్షరాలా నిజం. అడవిలో మీ కత్తికి పదును వచ్చేది గుడిలోనే. ఇల్లు చెదిరిపోతే సెర్మన్ పేలవం, సెర్మన్ పేలవమైతే తర్వాతి బిషప్ ముందు మీరు మొదటి రోజు గొర్రెపిల్లే.

రోజూ ప్రతి శిష్యుడి దగ్గరికీ వెళ్ళి బ్లెస్ చేయండి. వాళ్ళ విధేయత నెమ్మదిగా పెరిగి, స్థాయి దాటినప్పుడు కమాండ్‌మెంట్ రాతి ముక్క ఇస్తారు. మూడు ముక్కలు కలిస్తే ఒక రాయి. ఆ రాయితో గుడిలో ఒక డాక్ట్రిన్, అంటే శాసనం, ప్రకటించవచ్చు. ప్రతి శాసనానికీ రెండు దారులు చూపిస్తుంది. ఒకటి ఎంచుకుంటే రెండోది మూసుకుపోతుంది, వెనక్కి తీసుకోలేరు.

ఇక్కడ నా సలహా సూటిగా చెబుతాను. మొదటి రాయి తిండికి సంబంధించిన సస్టెనెన్స్ వరసకి పెట్టండి. అందులో మొదట విందు, ఉపవాసం మధ్య ఎంచుకోమంటుంది. విందు రిచువల్ (గుడిలో చేసే తంతు) అందరి ఆకలినీ ఒక్కసారిగా తీరుస్తుంది. ఉపవాసం చేయిస్తే 3 రోజులపాటు ఎవరికీ ఆకలే వేయదు. కొత్తవాళ్ళకి ఉపవాసమే మేలని నా అభిప్రాయం. పొడవాటి దండయాత్రకి ముందు చేసి వెళ్తే వెనక్కి చూసుకునే పని ఉండదు. అదే వరసలో తర్వాత వచ్చే గ్రాస్ ఈటర్ ఎంచుకుంటే గడ్డి పెట్టినందుకు నమ్మకం తగ్గడం ఆగుతుంది. దాని ఎదురుగా ఉన్నది మనుషుల మాంసం తినే గుణం. ఎటు వెళ్ళాలో మీ ఇష్టం, నేను మాత్రం గడ్డి వైపే ఉన్నాను.

పని వరసలో మొదటి శాసనం ఫెయిత్‌ఫుల్, ఇండస్ట్రియస్ మధ్య. ఒకటి ప్రార్థనని వేగం చేస్తుంది, రెండోది పనిని. ముందు ప్రార్థన తీసుకోండి, కట్టడాలు తొందరగా తెరుచుకుంటాయి. చట్టం వరసలో హత్య చేసే అధికారమా, అసెండ్ రిచువల్‌తో శిష్యుడిని పైకి పంపడమా అని అడుగుతుంది. రెండోదే తీసుకున్నాను, నమ్మకానికి అది మంచిది.

రిచువల్స్‌కి ఎముకలు కావాలి. అవి దండయాత్రల్లో దొరుకుతాయి. ఒకసారి చేసిన రిచువల్ మళ్ళీ చేయడానికి కొన్ని రోజులు ఆగాలి కాబట్టి అవసరం వచ్చేదాకా దాచుకోండి.

నమ్మకం బాగా పడిపోతే కొందరు తిరగబడతారు. వాళ్ళని వదిలేస్తే మిగతావాళ్ళ మనసు కూడా విరుస్తారు, చివరికి మీ బంగారం పట్టుకుని పారిపోతారు. అందుకే ఆ ఒక్క జైలు. లోపల పెట్టి రోజూ రీఎడ్యుకేట్ చేస్తే దారికొస్తారు. శిష్యులు కోరికలు కూడా అడుగుతారు: ఫలానా కట్టడం కట్టు, ఫలానా వంట పెట్టు అని. ఒప్పుకుని చేయకపోతే నమ్మకం తగ్గుతుంది. చేయగలిగినవే ఒప్పుకోండి.

ఐదో అడుగు: దండయాత్ర

ఇప్పుడు తలుపు దాటండి. మొదటి లోకం డార్క్‌వుడ్. దాని తర్వాత అన్యూరా, యాంకర్‌డీప్, సిల్క్ క్రేడిల్. ఒక్కో లోకంలో మూడు యాత్రలు మినీబాస్‌లతో, అంటే బిషప్ కంటే చిన్న నాయక శత్రువులతో, ముగుస్తాయి, నాలుగో యాత్ర చివర బిషప్ ఎదురుపడతాడు.

మొదలవగానే చేతికి ఒక ఆయుధం, ఒక కర్స్ దొరుకుతాయి. ఏది వస్తుందో మీ చేతిలో లేదు. కత్తి అందరికీ కుదురుతుంది. బాకు చాలా వేగం, కానీ ప్రతి దెబ్బా చిన్నది, శత్రువుకి అతుక్కుని ఉండాలి. గొడ్డలి బరువు. గాంట్లెట్లతో, అంటే చేతి తొడుగులతో, మూడో గుద్దు గట్టిగా పడుతుంది కాబట్టి మూడూ పూర్తిచేసే చోటు చూసుకుని మొదలుపెట్టాలి. సుత్తి అన్నింటికంటే నెమ్మది. ఎత్తిన తర్వాత పడేలోపు మీరు దెబ్బ తినొచ్చు, కానీ తగిలితే చిన్న శత్రువులు ఒక్కదానికే పోతారు. దారిలో ఆయుధం మార్చుకునే అవకాశం వస్తే దాని స్థాయి అంకె చూడండి. స్థాయి ఎక్కువైనంత మాత్రాన చేతికి రాని ఆయుధం తీసుకోకండి. విషం పూసే బేన్ రకం, గుండె తిరిగిచ్చే వాంపిరిక్ రకం కనిపిస్తే మాత్రం నేను వెంటనే మారతాను.

కర్స్ వాడటానికి ఫర్వర్ కావాలి. అది శత్రువులను చంపితే వస్తుంది. కొత్తవాళ్ళు దాన్ని బాస్ కోసం దాచుకుంటారు, మీటర్ నిండాక వచ్చేదంతా వృథా. నిండుతుంటే వాడేయండి, మళ్ళీ వస్తుంది.

దొర్లడం గురించి కాస్త ఆగి చెప్పాలి. గొర్రెపిల్ల దొర్లుతున్నంతసేపు దెబ్బ తగలదు. అందుకే చాలామంది శత్రువుకి దూరంగా, వెనక్కి దొర్లుతారు. వెనక్కి వెళ్తే వాడి బాణం మీ వెంటే వస్తుంది, ఇంకోసారి దొర్లాలి, మూల చేరతారు. శత్రువు కొట్టే ముందు ఒక్క క్షణం ఒళ్ళు తెల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు చూడగానే వాడి మీదికే, వాడి పక్కగా దొర్లండి. వాడి దెబ్బ గాల్లో పోతుంది, మీరు వాడి వెనక తేలతారు. అక్కడ రెండు దెబ్బలు, మూడోదానికి ఆశపడకుండా మళ్ళీ దొర్లండి. డార్క్‌వుడ్ మొదటి గదిలో ఒక్క శత్రువుని మిగిల్చుకుని ఇది 10 సార్లు చేసి చూడండి. పదోసారికి మెరుపు కళ్ళకి కనబడక ముందే వేలు కదులుతుంది.

గది దాటగానే గడ్డి, పొదలు, పెట్టెలు అన్నీ నరికి చూడండి. గది ఖాళీ అయ్యాక తొందర లేదు కానీ బయట ఊళ్ళో గడియారం నడుస్తూనే ఉంటుంది. ఒక యాత్ర ముగిసేసరికి అక్కడ ఒక పూటో, ఒక రోజో, ఇంకా ఎక్కువో గడిచిపోతుంది. తెర పక్కన వచ్చే సందేశాలు చదవండి.

దారి చీలికల దగ్గర ఎటు వెళ్ళాలి? బొమ్మలు చూపిస్తాయి: ఇక్కడ కట్టెలు, ఇక్కడ రాయి, ఇక్కడ తిండి, ఇక్కడ శిష్యుడు. మొదటి నాలుగైదు యాత్రల్లో శిష్యుడి బొమ్మ కనిపిస్తే వేరే ఆలోచన వద్దు. కొన్నిచోట్ల బలికి కట్టేసినవాళ్ళని విడిపిస్తారు, కొన్నిచోట్ల హెలోబ్ అనే సాలెపురుగు బంగారానికి అమ్ముతాడు. విడిపించినవాళ్ళు ఊళ్ళో మీ కోసం ఎదురుచూస్తారు. శిష్యులు చాలినంతమంది ఉంటే మాత్రం తిండి వైపు, రాయి వైపు వెళ్ళండి. పడక లేని శిష్యుడు, గిన్నె లేని శిష్యుడు మీకు బలం కాదు. పడకల లెక్క మించి ఒకేసారి నలుగురిని తేవడం కూడా నా మొదటి ఊళ్ళో జరిగిన తప్పే.

ట్యారో కార్డులు దొరికినప్పుడు రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ యాత్ర వరకే పనిచేస్తాయి. గుండెలు పెంచేవి, దాడి వేగం పెంచేవి మొదట్లో చాలు. ఎర్ర గుండె పోతే తిరిగి నింపుకోవచ్చు. నీలి గుండె పోతే అంతే. నల్ల గుండె పోయేటప్పుడు గదిలో ఉన్న శత్రువులందరికీ దెబ్బ తగులుతుంది. కాబట్టి నల్ల గుండె ఉన్నప్పుడు ఒకటి పోయినా దిగులుపడకండి.

చనిపోతే ఆ యాత్రలో పోగుచేసిన సరుకులో కొంత పోతుంది. అంతా పోదు. ఊరు, శాసనాలు, కిరీటం శక్తి అలాగే ఉంటాయి. మామూలు రోగ్‌లైక్‌లో చావు ఎంత నష్టమో ఇక్కడ అంత కాదు. ఇంటికి వెళ్ళి అందరికీ అన్నం పెట్టి మళ్ళీ రావచ్చు.

ఆరో అడుగు: లెషీ

నలుగురు బిషప్పుల్లో చిన్నవాడు లెషీ. కళ్ళు పోగొట్టుకున్నవాడు. మిగతా ముగ్గురిలో హెకెట్‌కి గొంతు, కలమార్‌కి చెవులు పోయాయి, షమురా తలకి తగిలిన గాయం ఆలోచననే చెదరగొట్టింది. ఆ కథ ఆటలో ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది, వదలకుండా వినండి.

లెషీ పెద్ద పురుగు రూపంలో పోరాడతాడు. నేలలోకి దూరి ఇంకోచోట లేస్తాడు. లేచేటప్పుడు దగ్గరుంటే దెబ్బ. నేల కదులుతున్న చోటు నుంచి పక్కకి జరగండి, లేవగానే దగ్గరికి దొర్లి రెండు మూడు దెబ్బలు కొట్టండి. చుట్టూ బంతుల్లా విసిరేవాటిని చూసి పారిపోతే అవి దూరంలో ఇంకా చిక్కగా అనిపిస్తాయి. వాటి మధ్య సందు చూసి లోపలికే దొర్లాలి. చిన్న పురుగులు వచ్చినప్పుడు వాటిని ముందు చంపండి, మీ ఫర్వర్ నింపేవి అవే. సుత్తి చేతిలో ఉంటే ఈ పోరు కష్టమే, ఓపిక పట్టి లేచిన ప్రతిసారీ ఒక్క దెబ్బే వేయండి.

బయలుదేరే ముందు ఆ పొద్దున సెర్మన్ చేశారా అన్నది ఇక్కడ తేడా చూపిస్తుంది. ఒక అర గుండె ఎక్కువ ఉండి గెలిచిన పోరాటాలు నాకు చాలా ఉన్నాయి.

ఆ తర్వాత

తర్వాతి లోకాల తలుపులు తెరుచుకోవాలంటే శిష్యుల లెక్క ఉండాలి. కాబట్టి లెషీ తర్వాత ఒకటి రెండు రోజులు ఊరి మీదే పెట్టండి. కట్టెలను పలకలుగా, రాయిని దిమ్మలుగా మార్చే రిఫైనరీ తెరవండి. పెద్ద ఇళ్ళకి అవే కావాలి. మిషనరీ కట్టి శిష్యులని సరుకుల కోసం బయటికి పంపవచ్చు, కానీ కొందరు తిరిగిరారు. అక్కడ చూపించే శాతం చూసి పంపండి. వయసు మళ్ళినవాళ్ళని పంపడం నాకు మనసొప్పలేదు.

మధ్యలో విసుగొస్తే రటావు గుడిసెకి వెళ్ళి నకుల్‌బోన్స్ ఆడండి. మూడు వరసల పాచికల ఆట. ఒకే వరసలో ఒకే అంకె రెండుసార్లు పడితే వాటి మొత్తం రెట్టింపు అవుతుంది, మూడుసార్లు పడితే మూడు రెట్లు: ఒక 4కి 4, రెండు 4లకి 16, మూడు 4లకి 36. ఎదుటివాడి అదే వరసలో అదే అంకె ఉంటే మీరు వేసినప్పుడు అతనిది పోతుంది. పెద్ద అంకెలు పోగుచేస్తున్న అతని వరసకి ఎదురుగా మీ వరసలో చోటు ఖాళీ ఉంచుకోండి. బంగారం పందెం కూడా వేయవచ్చు.

గోల్డెన్ ఫ్లీస్ అనే బంగారు ఉన్ని వస్త్రం దొరికి వేసుకుంటే, చంపిన ప్రతి శత్రువుకీ మీ దెబ్బ బలం 10 శాతం పెరుగుతుంది, కానీ మీకు తగిలే దెబ్బ రెట్టింపు, తగిలిందంటే పెరిగిందంతా పోతుంది. దొర్లడం చేతికి వచ్చేదాకా దాన్ని పక్కన పెట్టండి. 2024 ఆగస్టులో వచ్చిన అన్‌హోలీ అలయన్స్ అప్‌డేట్‌తో ఒకే గదిలో కూర్చుని ఇద్దరు ఆడొచ్చు, రెండోవాళ్ళు మేకపిల్లగా వస్తారు. మా తమ్ముడు, నేను అలా ఆడినప్పుడు వాడు పోరాటం చూసుకున్నాడు, నేను వంట.

అన్యూరాలోకి అడుగుపెట్టే ముందు ఒకటి చేయండి. హెకెట్ కరువు బిషప్. ఆమె లోకంలోకి వెళ్ళాక మీ ఊరి మీదికి ఆకలి పంపుతుంది. ముందే పెట్టెలో బెర్రీలు నింపి ఉంచండి, ఉపవాసం లేదా విందు రిచువల్ వాడకుండా మిగుల్చుకోండి, ఎముకలు సరిపోతాయో చూసుకోండి. కలమార్ ముందు ఇదే పని కమీలియా పూలతో, హీలింగ్ బేతో చేయాలి, ఆయన పంపేది రోగం. అన్యూరాలో గుమ్మడి గింజలు దొరుకుతాయి. తెచ్చిన వెంటనే రెండు బెర్రీ మళ్ళని ఖాళీ చేసి నాటండి, ఎరువు వేసి, మళ్ళీ తలుపు దగ్గరికి వెళ్ళేలోపు నీళ్ళు కూడా పోసి వెళ్ళండి.